చిన్న గ్రంథాలయంలో నియమాలు, లెక్కలు: మొదటి నుంచి చివరి దాకా

ఒక ఏడాది మా లైబ్రరీలో పుస్తకాల ఇష్యూ ఉన్నట్టుండి పడిపోయింది, కనీసం కాగితం మీద. వార్షిక నివేదిక చూసిన కమిటీ సభ్యులొకరు "జనం రావడం లేదు కదా, సాయంత్రం ఓ గంట ముందే మూసేస్తే పోలా?" అన్నారు. రెండు రోజులు పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటే సంగతి తేలింది. నాకు ముందు పనిచేసినవారు రెన్యువల్‌ను, అంటే తీసుకున్న పుస్తకానికే గడువు పొడిగించడాన్ని, కూడా ఇష్యూ కిందే రాసేవారు. కొత్తగా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ రెండిటినీ విడదీసి చూపింది, నేను ఇష్యూల అంకె ఒక్కటే నివేదికలోకి ఎక్కించాను. పాఠకులు ఎప్పట్లాగే వస్తున్నారు, లెక్కపెట్టే తీరు మారిందంతే.

ఇంకాస్త తవ్వితే మరొకటి బయటపడింది. ఒక పుస్తకాన్ని ఎన్నిసార్లు రెన్యువల్ చేయవచ్చో మా దగ్గర ఎక్కడా రాసి లేదు. అడిగినవారికల్లా చేసిస్తూ వచ్చాం. నియమం లేకపోవడం వల్లే లెక్కకూ ఒక పద్ధతి లేకుండా పోయింది. అప్పటి నుంచి నియమావళినీ గణాంకాలనూ వేరు వేరు ఫైళ్లలో పెట్టడం మానేశాను. ఒకరిద్దరు సిబ్బందితో, కొన్ని వేల పుస్తకాలతో నడిచే లైబ్రరీలో రెండూ కలిపి చూసుకుంటేనే పని తేలిక. ఆ పద్ధతే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

1. ముందు ‘కుదరదు’ పుస్తకం పెట్టండి

నియమావళి రాద్దామని కూర్చోగానే తెల్లకాగితం తీయకండి. మీ లైబ్రరీలో నియమాలు ఇప్పటికే ఉన్నాయి. కొన్ని సభ్యత్వ ఫారం వెనక, కొన్ని గోడ మీద వెలిసిపోయిన నోటీసులో, ఎక్కువ భాగం పాత అసిస్టెంట్ బుర్రలో ఉంటాయి. వాటిని ఏరడానికి కౌంటర్ దగ్గర ఓ నోటుబుక్కు పెట్టి, రెండు వారాల పాటు ఎవరికైనా "కుదరదండీ" అన్న ప్రతిసారీ ఒక లైను రాయండి. ఏం అడిగారు, ఏం చెప్పాం, ఎవరు చెప్పారు. అంతే.

నేను ఇలా రాసినప్పుడు ఒకే ప్రశ్నకు పొద్దున ఒక జవాబు, సాయంత్రం ఇంకో జవాబు ఇస్తున్నామని తెలిసింది. చిరునామా రుజువు లేనివారికి కార్డు ఇవ్వాలా వద్దా అన్నది కౌంటర్‌లో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి తేలేది. ఇలాంటి చోటే రాతపూర్వక నియమం కావాలి. ఎవరూ ఎప్పుడూ అడగని విషయం మీద పేరా రాయడం మాత్రం కాగితం దండగ.

2. ఏది విధానం, ఏది పనితీరు, ఏది నోటీసు

ఈ మూడూ కలిసిపోతే ప్రతి చిన్న మార్పుకూ కమిటీ దాకా పోవాల్సి వస్తుంది. విధానం అంటే ఏం చేస్తాం, ఎందుకు చేస్తాం అన్నది. దాన్ని కమిటీ ఆమోదించాలి. పనితీరు అంటే ఎలా చేస్తాం అన్నది. దాన్ని లైబ్రేరియన్ రాసుకుని, అవసరమైతే రేపే మార్చుకోవచ్చు. నోటీసు అంటే పాఠకుడికి తెలియాల్సిన రెండు ముక్కలు. "పోయిన పుస్తకానికి సభ్యుడు బదులు ప్రతి గానీ విలువ గానీ ఇవ్వాలి" అన్నది విధానం. ఆ విలువ ఎలా లెక్కగట్టాలి, రసీదు ఏ పుస్తకంలో రాయాలి అన్నది పనితీరు.

అన్ని విధానాలూ ఒకేసారి రాయబోతే ఏదీ పూర్తి కాదు. నా లెక్కన మొదటి ఏడు ఇవి: సభ్యత్వం, ఇష్యూ, పుస్తకాల ఎంపిక, విరాళాలు, తొలగింపు, ఫిర్యాదులు, పాఠకుల వివరాల గోప్యత. కంప్యూటర్ల వాడకం, పిల్లల భద్రత, హాలు వాడకం లాంటివి తర్వాతి ఏడాదికి పెట్టుకోవచ్చు. మీ దగ్గర కంప్యూటర్ల మీదే రోజూ గొడవైతే దాన్ని ముందుకు జరపండి. ‘కుదరదు’ పుస్తకమే ఆ వరస చెబుతుంది.

3. ఒక్కో విధానం ఒక్క పేజీ

పేజీ దాటితే కౌంటర్‌లో ఎవరూ చదవరు. అందులో ఉండాల్సినవి కొన్నే. ఇది ఎందుకు, ఎవరికి వర్తిస్తుంది, నియమం ఏమిటి, మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరిది, ఎప్పుడు ఆమోదించారు, మళ్లీ ఎప్పుడు చూడాలి. వీటికి నేను ఇంకో లైను కలుపుతాను: "ఈ నియమం పనిచేస్తోందో లేదో ఏ అంకె చూసి తెలుసుకుంటాం?" ఆ లైను నింపలేకపోతే నియమంలోనే ఏదో తేడా ఉందని అర్థం.

మినహాయింపు లైను చిన్నదే కానీ దాని అవసరం పెద్దది. ఒక పాత నియమం చూడండి: "పుస్తకాలు సకాలంలో తిరిగి ఇవ్వవలెను. లేనిచో తగు చర్య తీసుకొనబడును." సకాలం అంటే ఎన్నాళ్లు? తగు చర్య ఏది? తీసుకునేదెవరు? ఇందులో ఒక్కటీ లేదు. దాన్నే ఇలా తిరగరాశాం: "ఒక్కో పుస్తకం 14 రోజులు ఉంచుకోవచ్చు. వేరెవరూ రిజర్వు చేయకపోతే రెండుసార్లు రెన్యువల్ ఇస్తాం. గడువు దాటి 30 రోజులైతే పుస్తకం తిరిగి వచ్చేదాకా కొత్తది ఇవ్వం. జబ్బు, ప్రయాణం లాంటి కారణాలుంటే లైబ్రేరియన్ సడలింపు ఇవ్వవచ్చు. చూడాల్సిన అంకె: 30 రోజులు దాటిన పుస్తకాలు, నెలాఖరున." రోజులు మీ ఇష్టం. రేపు కౌంటర్‌లో కొత్త మనిషి కూర్చున్నా ఇదే జవాబు రావాలి, అది ముఖ్యం.

ఆలస్య రుసుము గురించి ఒక మాట. ఇది ప్రతి కమిటీలోనూ వాదన పుట్టించే అంశం. చికాగో పబ్లిక్ లైబ్రరీ 2019 అక్టోబరులో ఆలస్య రుసుమును పూర్తిగా ఎత్తేసింది, తర్వాత చాలా లైబ్రరీలు ఆ దారి పట్టాయి. పెద్ద నగరంలో చేశారు కాబట్టి మనమూ చేద్దాం అనకండి, మన దగ్గర కుదరదనీ అనకండి. మూడు అంకెలు తీయండి. ఏడాదిలో వసూలైన రుసుము ఎంత, దాన్ని వసూలు చేయడానికి కౌంటర్‌లో పోయే సమయం ఎంత, రుసుము బాకీ ఉండి ఆరు నెలలుగా రాని సభ్యులు ఎంతమంది. చివరి అంకె చూశాక వాదన సగం చల్లబడుతుంది. రుసుము తీసేసినా పోయిన పుస్తకం విలువ మాత్రం కట్టాల్సిందేనని అదే పేజీలో రాయండి, ఈ రెండిటినీ కలిపేసి భయపడేవారు ఎక్కువ.

విరాళాల నియమం మొహమాటం నుంచి కాపాడుతుంది. అటక మీది పాత పెట్టెలు దింపి "లైబ్రరీకి ఇస్తున్నాం" అనేవారికి కాదనలేక తీసుకుంటాం, ఆ తర్వాత వాటిని పెట్టడానికి చోటు వెతుకుతాం. "విరాళంగా వచ్చినవాటిని ఉంచాలా, వేరేచోటికి ఇవ్వాలా, తీసేయాలా అన్నది లైబ్రరీ నిర్ణయం, ఇచ్చినవారికి తిరిగి ఇచ్చే బాధ్యత ఉండదు" అని రాసి, తీసుకునేటప్పుడే సంతకం చేయించుకోవాలి. ఇచ్చాక చూపిస్తే మొహాలు మాడతాయి.

ఫిర్యాదుల విధానం ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది, కానీ ఆ రోజు అది లేకపోతే చాలా కష్టం. ఎవరో వచ్చి ఫలానా పుస్తకం తీసేయమంటారు. అప్పుడు కౌంటర్‌లోని మనిషి వాదించకూడదు, తలూపకూడదు, ఒక ఫారం ఇవ్వాలి. పుస్తకం మొత్తం చదివారా, ఏ పేజీలు అభ్యంతరం, ఏం చేయాలని కోరుతున్నారు అని అందులో అడగాలి. నిర్ణయం అయ్యేదాకా పుస్తకం అల్మరాలోనే ఉంటుందనీ, ఎన్ని రోజుల్లో జవాబిస్తామో కూడా ముందే రాసి ఉండాలి. గట్టి ఆధారం కావాలంటే ఇఫ్లా (గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), యునెస్కోల పౌర గ్రంథాలయ మేనిఫెస్టో ఉంది. 1949లో మొదలై 1972, 1994, 2022లలో సవరించిన ఆ పత్రం, సేకరణ మీద సైద్ధాంతిక, రాజకీయ, మతపరమైన సెన్సార్‌షిప్ గానీ వ్యాపార ఒత్తిళ్లు గానీ ఉండకూడదని చెబుతుంది. సేవలు సూత్రప్రాయంగా ఉచితంగా ఉండాలనీ అందులోనే ఉంది, బడ్జెట్ సమావేశంలో పనికొస్తుంది.

గోప్యత దగ్గరే విధానమూ గణాంకాలూ నేరుగా ఢీకొంటాయి. ఎవరు ఏం చదివారన్నది ఎంత వివరంగా ఉంటే లెక్కలు అంత బాగా తీయవచ్చనిపిస్తుంది. నిజానికి ఈ మార్గదర్శిలోని ఏ లెక్కకూ పాఠకుడి పేరు అక్కర్లేదు. పుస్తకం తిరిగి రాగానే, బాకీలేమీ లేకపోతే, ఆ మనిషికీ ఆ పుస్తకానికీ ఉన్న లంకె తెంచేసి, ఏ విభాగంలో ఏ తేదీన ఒక ఇష్యూ జరిగిందన్నదొక్కటే మిగుల్చుకోవచ్చు. మన దగ్గర లేని సమాచారాన్ని ఎవరూ అడిగి పట్టుకుపోలేరు.

4. ఆమోదం

ఇక్కడ ఎక్కువ చెప్పేదేం లేదు. కమిటీ మినిట్స్‌లో తీర్మానం నంబరు రాయించండి. ఆ నంబరూ తేదీ విధానం పేజీ కింద వేయండి. పాత ప్రతిని చింపేయకుండా "రద్దు" అని అడ్డంగా రాసి ఫైల్లో ఉంచండి. ఫలానా ఏడాది ఇష్యూలు ఎందుకు పెరిగాయో చూసేటప్పుడు ఆ ఏడాది నియమం ఏమిటో కావాలి.

5. లెక్కపెట్టే ముందు నిర్వచనాల పేజీ

అంతర్జాతీయంగా దీనికి రెండు ప్రమాణాలున్నాయి. లైబ్రరీ గణాంకాల్లో దేన్ని ఏమంటారో చెప్పేది ఐఎస్ఓ 2789. ఆ అంకెలతో పనితీరు సూచికలు ఎలా తయారుచేయాలో చెప్పేది ఐఎస్ఓ 11620, ఇది మొదట 1998లో వచ్చింది. చిన్న లైబ్రరీకి ఆ రెండూ ఆసాంతం అక్కర్లేదు. అందులోని స్ఫూర్తి తీసుకుని మీ నిర్వచనాలు ఒక పేజీలో రాసుకుంటే సరి.

సందర్శన అంటే ఒక మనిషి ఒకసారి లోపలికి రావడం. అదే మనిషి సాయంత్రం మళ్లీ వస్తే రెండో సందర్శన. సిబ్బంది రాకపోకలు లెక్కలోకి రావు. ఇష్యూ వేరు, రెన్యువల్ వేరు. రెండూ రెండు గడుల్లో. క్రియాశీల సభ్యుడంటే గత 12 నెలల్లో కనీసం ఒక పుస్తకం తీసుకున్నవారు. రిజిస్టర్‌లో పేరున్న వాళ్లంతా కాదు. ఈ ఒక్క నిర్వచనం పెట్టుకుంటే సభ్యుల సంఖ్య సగానికి పడిపోయినట్టు కనిపించవచ్చు, కంగారు పడకండి, అదే అసలు సంఖ్య. "బాత్రూం ఎటండీ?" అన్నది సమాచార ప్రశ్న కాదు. "ఈ ఫారంలో ఏం రాయాలి, ఎక్కడ దొరుకుతుంది?" అన్నది సమాచార ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని నివేదిక ఏది కలిపి చూపుతోందో ఒకసారి పరీక్షించండి. 2000 జనవరిలో న్యూజిలాండ్‌లోని హోరోవెన్యువా లైబ్రరీ ట్రస్ట్‌లో వాడకంలోకి వచ్చిన కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇష్యూ, రెన్యువల్, రిటర్న్‌లను విడివిడిగా నమోదు చేస్తుంది. పరీక్ష సులువే: ఒక పుస్తకాన్ని మీ కార్డు మీద ఇష్యూ చేసి, ఒకసారి రెన్యూ చేసి, తిరిగి తీసుకుని, ఆ రోజు నివేదికలో ఎంత పెరిగిందో చూడండి. నేను మొదటే ఈ అయిదు నిమిషాల పని చేసి ఉంటే ఆ సాయంత్రపు గంట మీద చర్చే వచ్చేది కాదు.

6. రోజూ ఏది, ఎప్పుడో ఒకసారి ఏది

ఇష్యూలు, రెన్యువల్స్, కొత్త సభ్యత్వాలు, కార్యక్రమాలకు వచ్చినవారు: ఇవి పనిలో పనిగా నమోదైపోతాయి కాబట్టి రోజూ ఉంచండి. సందర్శనలు, సమాచార ప్రశ్నలు, లోపలే చదివి బల్ల మీద వదిలిన పుస్తకాలు మాత్రం ఏడాది పొడవునా లెక్కపెట్టాలని చూస్తే మూడో వారానికే చేయి జారుతుంది. గీతలు పెట్టడం మర్చిపోయి సాయంత్రం అందాజాగా నింపేస్తాం. దాని బదులు ఏడాదిలో నాలుగు మామూలు వారాలు ఎంచుకోండి. సెలవులు, పెద్ద కార్యక్రమాలు లేని వారాలు, ఒక్కో త్రైమాసికానికి ఒకటి. ఆ వారం మాత్రం గట్టిగా లెక్కపెట్టండి.

లెక్కపెట్టడానికి ఒక అట్టముక్క చాలు. అడ్డంగా గంటలు, నిలువుగా సందర్శన, ప్రశ్న, బల్ల మీది పుస్తకం. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీద అడ్డగీత. దారంతో పెన్సిల్ కట్టండి, లేకపోతే పదకొండు గంటలకల్లా మాయమవుతుంది. గంటల వారీగా రాయడం వల్ల ఇంకో లాభం ఉంది: వేళలు మార్చాలన్న మాట వచ్చినప్పుడు ఆ అట్టముక్కే సాక్ష్యం.

నాలుగు వారాల్లో సందర్శనలు 410, 450, 380, 480 వచ్చాయనుకుందాం. మొత్తం 1,720, సగటు 430. ఏడాదిలో లైబ్రరీ తెరిచింది 50 వారాలైతే 430 × 50 = 21,500. 52తో గుణించకండి, మూసి ఉన్న వారాల్లో ఎవరూ రాలేదు. నివేదికలో ఈ అంకె పక్కన "నమూనా వారాల ఆధారంగా అంచనా" అని తప్పక రాయాలి. తలుపు దగ్గర సెన్సర్ ఉంటే అది రావడాన్నీ పోవడాన్నీ రెండిటినీ లెక్కిస్తోందేమో చూడండి. లెక్కిస్తుంటే సగం చేయాలి. ఊడ్చేవారు గుమ్మం దగ్గర పదిసార్లు తిరిగినా అది పదిమంది అనే అనుకుంటుంది, కాబట్టి ఓ పూట పక్కన నిలబడి చేత్తో కూడా లెక్కపెట్టి పోల్చుకోండి.

7. అంకెను అల్మరాల దాకా తీసుకెళ్లడం

మొత్తం ఇష్యూల సంఖ్య గోడ మీద రాసుకోవడానికి బాగుంటుంది కానీ దానితో ఏ నిర్ణయమూ చేయలేం. విభాగాల వారీగా విడదీస్తేనే అది మాట్లాడుతుంది. ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క టర్నోవర్: ఒక విభాగంలో ఏడాది ఇష్యూలను అందులోని పుస్తకాల సంఖ్యతో భాగించడం. పిల్లల పుస్తకాలు 1,200, ఇష్యూలు 4,800 అనుకోండి. టర్నోవర్ 4, ఒక్కో పుస్తకం సగటున నాలుగుసార్లు బయటికి వెళ్లొచ్చింది. పక్కనే పాత వాణిజ్య పాఠ్యపుస్తకాలు 900, ఇష్యూలు 180. టర్నోవర్ 0.2.

ఇప్పుడు ఎంపిక విధానం తీసి పక్కన పెట్టండి. వచ్చే ఏడాది డబ్బు ఎటు వెళ్లాలో, ఏ అల్మరా ఖాళీ చేయాలో దాదాపు తేలిపోయింది. దాదాపు అనడానికి కారణాలున్నాయి. పిల్లల పుస్తకం పదినిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి దాని టర్నోవర్ సహజంగానే ఎక్కువ, నవలతో పోల్చకూడదు. నిఘంటువులు బయటికి ఇవ్వం, వాటికి టర్నోవర్ సున్నా. బల్ల మీది పుస్తకాల లెక్కే వాటికి దిక్కు. ఇక ఆ ప్రాంతం చరిత్ర మీద ఎక్కడా దొరకని పుస్తకం పదేళ్లుగా కదలకపోయినా అది మన దగ్గరే ఉండాలి. టర్నోవర్ తక్కువని దాన్ని తూకానికి వేసిన చోట్లున్నాయి, తర్వాత పరిశోధకులు వెతుక్కుంటూ వస్తే చూపించడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే తొలగింపుకు అంకె ఒక్కటే చాలదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్ర గ్రంథాలయ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఆరు ప్రశ్నలుంటాయి: సమాచారం తప్పుదారి పట్టించేదా, పుస్తకం చూడ్డానికే చెడిపోయిందా, కొత్త కూర్పు వచ్చేసిందా, విషయంలో పస లేదా, ఇక్కడి పాఠకులకు పనికిరానిదా, వేరేచోట సులువుగా దొరుకుతుందా. పాత వైద్య సలహాల పుస్తకం బాగా ఇష్యూ అవుతున్నా మొదటి ప్రశ్నకే తీసేయాలి. తీసేసిన ప్రతిదాన్నీ యాక్సెషన్ రిజిస్టర్‌లో (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి ఎక్కించే పుస్తకం) ఎర్రసిరాతో తీర్మానం నంబరుతో సహా కొట్టేయండి. లేకపోతే వచ్చే స్టాక్ తనిఖీలో అది "పోయిన పుస్తకం" అయి మీ మెడకు చుట్టుకుంటుంది. గ్రంథాలయం పెరిగే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే చెప్పారు. పెరిగే జీవి పాత ఆకు రాలుస్తుందన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు.

ఇంకొక నోటుబుక్కు పెట్టండి: "అడిగారు, లేదు." పేరు, ఫోన్ నంబరు వద్దు, పుస్తకం లేదా విషయం, తేదీ చాలు. ఇష్యూ లెక్కలు మన దగ్గర ఉన్నవాటి గురించే చెబుతాయి. లేనిదాని కోసం వచ్చి ఉత్తచేతులతో వెళ్లినవారి గురించి చెప్పేది ఈ పుస్తకం ఒక్కటే. ఒకే విషయం నెలలో మూడోసారి కనిపిస్తే కొనుగోలు జాబితాలోకి ఎక్కించండి.

8. నెల, త్రైమాసికం, ఏడాది

నెలాఖరున గంట సేపు కూర్చుని ఒక పేజీ నింపండి. స్ప్రెడ్‌షీట్ అయితే నెలకో వరస. చివర "ఈ నెల విశేషాలు" అని ఒక గడి తప్పనిసరి. మరమ్మతులకు నాలుగు రోజులు మూశాం, కరెంటు సమస్య, పక్క బడి పిల్లలు గుంపుగా వచ్చారు: ఇలాంటివి. రెండేళ్ల తర్వాత ఒక వింత అంకె కనిపించినప్పుడు మీ జ్ఞాపకం పనిచేయదు, ఆ గడి పనిచేస్తుంది.

పోల్చాల్సింది గత నెలతో కాదు, పోయిన ఏడాది ఇదే నెలతో. చిన్న సంఖ్యలకు శాతాలు వాడకండి; కథాకాలక్షేపానికి పోయినసారి ఆరుగురు, ఈసారి తొమ్మిదిమంది వస్తే "50 శాతం వృద్ధి" అని రాయడం చదివేవారిని తక్కువ అంచనా వేయడమే. తొమ్మిదిమంది వచ్చారని రాయండి. పక్క లైబ్రరీతో పోలిక పెడితే ముందు వాళ్ల నిర్వచనాల పేజీ అడగండి. అది లేదంటే ఆ పోలిక మానేయండి.

ఒక హెచ్చరిక కూడా. ఏదో ఒక అంకెకు టార్గెట్ పెట్టిన రోజు నుంచి ఆ అంకె వంకర తిరగడం మొదలవుతుంది. ఇష్యూలు పెంచమంటే రెన్యువల్‌ను రిటర్న్ చేసి మళ్లీ ఇష్యూ చేస్తారు. సందర్శకులు పెరగాలంటే గేటు రిజిస్టర్‌లో సంతకాలు పెరుగుతాయి. సిబ్బంది చెడ్డవారై కాదు, అడిగింది అదే కాబట్టి.

ఏడాదికోసారి విధానాల పేజీలన్నీ బయటికి తీసి, ప్రతిదాని చివరి లైనులోని అంకెను పక్కన రాయండి. 30 రోజులు దాటిన పుస్తకాలు తగ్గాయా? ఫిర్యాదు ఫారాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని రోజుల్లో జవాబిచ్చాం? గడువు దాటినవి తగ్గకపోతే నియమం మార్చాలా, గుర్తుచేసే పద్ధతి మార్చాలా? ఈ ప్రశ్నలతోనే కమిటీకి వెళ్లండి. పది పేజీల పట్టికలు ఎవరూ చూడరు. ఒక అంకె, దానికి సంబంధించిన నియమం, మీరు కోరే మార్పు: మూడూ ఒకే కాగితం మీద పెడితే మాట ముందుకు సాగుతుంది. మా దగ్గర సాయంత్రం వేళల చర్చ మళ్లీ వచ్చినప్పుడు నేను పట్టుకెళ్లింది నాలుగు అట్టముక్కలు మాత్రమే. ఆరు నుంచి ఏడు గంటల గడిలో గీతలు చూసి, మూసేద్దామన్న సభ్యులే "పొద్దున అరగంట ఆలస్యంగా తెరిస్తే ఎలా ఉంటుంది?" అన్నారు.

ఆ అట్టముక్కలు పారేయకండి. నిర్వచనాల పేజీ, అమల్లో ఉన్న విధానాలు, రద్దయినవి, నమూనా వారాల అట్టలు, రెండు నోటుబుక్కులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, పైన నిర్వచనాల పేజీ కనిపించేలా కట్టండి. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవారు మొదటి రోజు తెరిచేది అదే కావాలి.